ఆవు ఈనితే తప్ప

ఓపల్ బారు వెనక గదిలో శనివారం మధ్యాహ్నం జరిగే పేకాటకు రూలు ఒక్కటే. ఓడిపోతున్నవాడు ఎప్పుడైనా లేచి పోవచ్చు. కావాలంటే తలుపు తీసి పట్టుకుంటాం కూడా. గెలుస్తున్నవాడు మాత్రం గంట ముందు చెప్పాలి. చెప్పగానే ఓపల్ గుడ్లు ఉడకబెట్టేటప్పుడు వాడే గడియారం తెచ్చి, అరవై నిమిషాలకు తిప్పి, బల్ల మధ్యలో పెడుతుంది. అది మోగేదాకా వాడు కూర్చుని, పోయిన డబ్బు వెనక్కి లాక్కునే అవకాశం మాకు ఇవ్వాలి. దీన్ని మేం మర్యాద అంటాం.

ఈ మర్యాదకు మినహాయింపు ఒకటే. ఇంటి దగ్గర ఆవు ఈనుతుంటే గెలిచింది జేబులో వేసుకుని ఆ నిమిషమే వెళ్ళిపోవచ్చు. ఓపల్ వాళ్ళ తాత పెట్టిన రూలది. ఆయన రోజుల్లో ఆవులు చలి విరిగే వేళకే ఈనేవి. ఇప్పుడు మా కౌంటీలో ఏడాది పొడుగునా ఈనుతున్నాయి. అదీ శనివారాలే, అదీ యజమాని మూడు వందల డాలర్ల లాభంలో ఉన్నప్పుడే. ఈ వింత సంగతి మోంటానాలో పెద్ద చదువులు చదివినవాళ్ళ చెవిన ఇంకా పడ్డట్టు లేదు.

నాకున్నవి గొర్రెలు. గొర్రె ఈతకు మినహాయింపు లేదు. ఒకసారి అడిగి చూశాను. "గొర్రెకు ఈనడం వచ్చులే ఎమెట్, బతకడమే రాదు. నువ్వు కూర్చో," అన్నాడు క్లైడ్. రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి. ఆయనకు పిల్లి కూడా లేదు. అయినా పశువుల గురించి అన్నీ తెలుసు.

ఎప్పుడు లేవాలనే విషయంలో మా అందరికీ తలా ఒక సిద్ధాంతం ఉంది. పశువుల డాక్టరు స్టెన్సన్, కాఫీ చేదెక్కగానే లేవాలంటాడు. ఓపల్ కాఫీ మొదటి కప్పు నుంచే చేదు. ఆయన మాత్రం ఐదింటి దాకా కదలడు. నేను బాగా ఆడుతున్నానని నాకే అనిపించినప్పుడు లేస్తానంటాడు క్లైడ్. ఆయనకు ఇంతవరకు అలా అనిపించని నిమిషం లేదు, లేచిందీ లేదు.

మెర్ల్ హాగెన్ సిద్ధాంతం అన్నిటికంటే గొప్పది. తెచ్చిన రెండు వందలు నాలుగు వందలయితే చాలు, లేస్తాడు. అందుకోసం భార్య వర్నాతో ఏర్పాటు చేసుకున్నాడు. ప్రతి శనివారం సరిగ్గా మూడింటికి ఆమె ఫోన్ చేస్తుంది. మెర్ల్ ఆ ఫోన్‌ను అందరికీ వినిపించేలా పెట్టి బల్ల మీద ఉంచుతాడు. "ఆవు ఈనుతోంది, రా," అంటుంది వర్నా, కూరగాయల ధర చెప్పే గొంతుతో. మెర్ల్ టోపీ తీసుకుని పరుగెత్తుతాడు. అక్టోబరులో కూడా పరుగెత్తాడు. మేం నమ్మినట్టు కూర్చుంటాం, ఎందుకంటే వచ్చే వారం మా ఆవులు ఈనాలి. నావి కాదులెండి.

మార్చిలో ఒక శనివారం. బయట మంచు కరిగీ కరగని బురద. మెర్ల్ ఇంట్లో ఆ ఏడాది నిజంగానే ఈనాల్సింది ఒకటుంది. బ్యాంకు అప్పుతో కొన్న ఎర్ర పెయ్య, తొలిచూలు. ఆ పెయ్యతోనే కొత్త మంద మొదలుపెడతానని చలికాలమంతా చెప్పాడు. ఇంకో వారం పడుతుందని ఆ మధ్యాహ్నం కూడా అన్నాడు. పెయ్యకు చెప్పాడో లేదో తెలియదు.

రెండున్నరకు మెర్ల్ నూట యాభై పోగొట్టుకుని ఉన్నాడు. అందులో ఎక్కువ భాగం నా ముందే పోగుపడి ఉంది. అప్పుడు ఫోన్ మోగింది. ఈసారి బల్ల మీద పెట్టలేదు. ఓడిపోతున్నవాడికి సాక్షులతో పనేముంది? చెవికి ఆనించుకున్నాడు. నేను పక్క కుర్చీలో ఉన్నాను.

"మెర్ల్, ఎర్ర పెయ్య ఈనుతోంది. వెనక కాళ్ళు ముందొస్తున్నాయి. డాక్టర్ని వెంటబెట్టుకుని తొందరగా రా."

"సరే సరే, వస్తాలే," అని ఫోన్ ఆపేశాడు. మళ్ళీ మోగకుండా ఫోన్‌నే పూర్తిగా ఆపేశాడు. నావైపు వంగి, "అరగంట ముందే చేసింది చూడు. నేనిక్కడ మునిగిపోతుంటే ఇదొకటి. డాక్టర్ని కూడా తెమ్మంటోంది, నటన నేర్చుకుంటోందిరోయ్," అని నవ్వాడు.

ఆ ఫోన్లో వర్నా గొంతు వెనక ఇంకో గొంతు కూడా వినిపించింది నాకు. లోపల్నుంచి తోసుకొచ్చే మూలుగు. వర్నాకు నటన వచ్చేమో నాకు తెలియదు. నటించే ఆవును మాత్రం నేను ఇంతవరకు చూడలేదు.

చెప్పాల్సింది. చేతిలో రెండు రాజులు ఉన్నాయి. మెర్ల్ లేస్తే అతని దగ్గర మిగిలిన యాభై కూడా లేస్తుంది, ఎదురుగా ఉన్న డాక్టరూ లేస్తాడు. నేను మామూలుగానే తక్కువ మాట్లాడే మనిషిని. ఆ పూట ఆ అలవాటు బాగా కలిసొచ్చింది.

ఆ రాజుల మీద యాభై డాలర్లు గెలిచాను. మెర్ల్ ఇంకో రెండు వందలు తీశాడు.

మూడు దాటాక అతనికి ముక్కలు పడటం మొదలైంది. క్లైడ్ దగ్గర మూడు రాణులుంటే మెర్ల్‌కు ఆఖరి ముక్కతో ఐదూ ఇస్పేట్లే కలిశాయి. పోగంతా రెండు చేతులా ఊడ్చుకున్నాడు. మూడూ నలభై అయ్యేసరికి పెట్టింది పోను నాలుగు వందల పైన లాభం. మెర్ల్ టోపీ వైపు చూశాడు, ఫోన్ వైపు చూశాడు. ఫోన్ మోగదు. ఆపేసింది అతనే.

"ఇందాక వర్నా చేసింది కదా," అన్నాడు గొంతు సవరించుకుని. "మా ఎర్ర పెయ్య ఈనుతోందట. మరి నేను..."

"అది గంట కిందటి మాట కదయ్యా," అంది ఓపల్. "ఈపాటికి దూడ బడికి కూడా వెళ్ళి ఉంటుంది."

"పెళ్ళీడుకొచ్చిందేమో కనుక్కోండి," అన్నాడు క్లైడ్. మూడు రాణులతో ఓడినవాడు అంత మెత్తగా ఉండడు. "ఏరా మెర్ల్, ఓడుతున్నప్పుడు ఈనని ఆవు గెలవగానే ఈనిందా? చాలా బుద్ధిమంతురాలు. ఎంతకిస్తావు?"

డాక్టరు నవ్వుతూ, "నన్ను పిలవలేదంటే సుఖంగానే ఈనుతుందిలే," అన్నాడు.

మెర్ల్ ముఖం ఒక్క క్షణం మారింది. నేను చూశాను. డాక్టర్ని తెమ్మన్న మాట అప్పుడు గుర్తొచ్చిందేమో. అది బయటికి చెప్తే ఇందాక ఎందుకు లేవలేదో కూడా చెప్పాలి. "సరే, గంట చెప్తున్నా," అన్నాడు.

ఓపల్ గడియారం తిప్పి పెట్టింది.

గంట చెప్పినవాడి ఆట చూసి తీరాలి. మెర్ల్ వచ్చిన ముక్కలన్నీ పారేస్తున్నాడు. ఒకసారి ఆసుల జత కూడా పారేశాడు. పొరపాటున అవి తిరగబడితే క్లైడ్ చప్పట్లు కొట్టాడు. "మెర్ల్, ఊపిరి పీల్చడానికి కూడా డబ్బులు కట్టాలేమో, చూసుకో," అన్నాడు. మెర్ల్ గడియారాన్నే చూస్తున్నాడు. కాలు బల్ల కింద ఆగకుండా ఊగుతోంది.

ఇంకా ఇరవై రెండు నిమిషాలుందనగా తలుపు తెరుచుకుంది. వర్నా. రబ్బరు బూట్లు, కుడి చేతికి భుజం దాకా ఎండిన నెత్తురు. మీద కోటు లేదు.

డాక్టరు లేచాడు. "ఏమైందమ్మా?"

"మీకు చెప్పలేదా డాక్టరు గారూ?" అంది ఆమె. "మిమ్మల్ని తీసుకుని రమ్మని రెండున్నరకే చెప్పాను. వస్తున్నారనుకుని ఆగాను. మళ్ళీ చేస్తే మోగలేదు. ఇక ఆగలేక నేనే లాగాను."

"పెయ్య?"

"పోయింది."

డాక్టరు మెర్ల్ వైపు చూసి, చేతిలో ఉన్న ముక్కలు బోర్లా పెట్టాడు.

వర్నా మొగుడి వైపు చూడలేదు. నా దగ్గరికి వచ్చింది. "ఎమెట్, మీ ఇంటికెళ్ళాను, లేవు. తల్లి పోయిన గొర్రెపిల్లలకని ముర్రుపాలు ఫ్రీజర్లో గడ్డకట్టించి దాస్తావు కదా. ఆవువి ఉన్నాయా?"

"మూడు సీసాలున్నాయి."

"దూడ బతికుంది. ట్రక్కులో ఉంది. పద."

నా ముందు మూడు వందల లాభం ఉంది. అలవాటు కొద్దీ ఓపల్ వైపు చూశాను.

"వెళ్ళవయ్యా," అంది ఓపల్. "ఇది ఆవు పనే."

మెర్ల్ టోపీ పట్టుకుని లేచాడు. "వర్నా, నేనూ..."

ఆమె అప్పుడు చూసింది. అతన్ని కాదు, బల్ల మధ్యలో గడియారాన్ని.

"ఇంకా ఇరవై నిమిషాలుంది," అంది. "కూర్చో."

కూర్చున్నాడు. ముక్కలు పంచడానికి ఎవరి చెయ్యీ లేవలేదు.

దూడ ట్రక్కు ముందు సీటు దగ్గర కాళ్ళు పెట్టుకునే చోట, వర్నా కోటు చుట్టుకుని, వేడి గాలి తగిలేలా పడుకుని ఉంది. ఎర్రది, పెయ్యదూడ. నేనెక్కి దాని తల నా బూట్ల మధ్య పెట్టుకున్నాను. చెవులు చల్లగా ఉన్నాయి. వేలు అందిస్తే చాలాసేపటికి నాలుక చుట్టి చీకింది.

"చీకుతోంది," అన్నాను.

వర్నా తల ఊపింది. ధాన్యం గోదాములు దాటాక, రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండానే అడిగింది. "నేను ఫోన్ చేసినప్పుడు పక్క కుర్చీలో ఎవరున్నారు?"

మా ఇంటికి ఇంకా ఏడు మైళ్ళుంది. తక్కువ మాట్లాడే అలవాటు అక్కడ పనికిరాలేదు.