అరవై అంగుళాల దూరం

మంచు.

గడ్డి మీద, రెల్లు మీద, తుప్పు పట్టిన పట్టాల మీద... నా చేతిలోని టేపు మీద కూడా.

తడిసిన టేపు చల్లగా ఉంటుంది. చేపను పట్టుకున్నట్టు ఉంటుంది. జారిపోతుందేమోనని ఇంకా గట్టిగా పట్టుకుంటాను.

దర్జీ టేపు అది. అరవై అంగుళాలు. సున్నా ఉన్న కొస మా ఆయన చేతిలో. అరవై ఉన్న కొస నా చేతిలో. ఆయన ముందు, నేను వెనక.

ఆయన బొటనవేలి కింద మొదటి మూడు అంకెలు ఎప్పుడో అరిగిపోయాయి. నలభై ఆరేళ్లు ఊళ్లోవాళ్ల నడుములు, భుజాలు కొలిచిన టేపు. ఇప్పుడు మా ఇద్దరి మధ్య దూరాన్ని కొలుస్తోంది.

చూసినవాళ్లు నవ్వుతారు. ముసలామె మొగుణ్ణి మేకలా కట్టేసిందని ఒకరు. కాదు, మేక వెనకాలదని ఒకరు.

నవ్వనీ.

మేము డబ్బాలు వెతుకుతాం.

ముక్కూ మొహం తెలియనివాళ్లు ఎక్కడెక్కడో చిన్న డబ్బాలు దాచిపెడతారు. పాడుబడిన గోడ సందులో. వంతెన కింద. ఎవరూ కూర్చోని బెంచీ అడుగున. ఆ చోటు అంకెలను ఫోన్‌లో పెట్టి, పక్కనే చిన్న ఆచూకీ రాస్తారు. దొరికితే లోపలి పుస్తకంలో మన పేరు రాయాలి. డబ్బాను ఉన్నచోటే పెట్టి రావాలి. అంతే. బహుమానం ఏమీ లేదు.

మనవరాలు నేర్పింది. కొట్టు మూసేశాక తాతయ్య ఇంట్లో తలుపులు, కిటికీలు కొలుస్తూ కూర్చున్నాడని — చూడలేక నేర్పింది.

మూడేళ్లు. డెబ్బై ఒక్క డబ్బాలు. ప్రతి డబ్బాలో ఒక గుండీ వదిలాం, కొట్టులో మిగిలిన సీసాలోంచి తీసి.

అంకెలు ఆయన చూస్తారు. అక్షరాలు నేను చదువుతాను. బడిలో నేర్చినవి కావు. ఆయన పాత పేపర్లను కాలరుగా, చేతులుగా కత్తిరించి నమూనాలు చేసేవారు. కాలరు మీద సగం వార్త. మిగతా సగం ఏ చేతి మీద ఉందో వెతికి చదివేదాన్ని.

వెతకడం నాకు అప్పటినుంచే వచ్చు.

డెబ్బై ఒకటి దొరికాయి. ఒక్కటి దొరకలేదు.

మొట్టమొదటిది.

మూసేసిన రైలుదారి. కట్ట పక్కన ఒంటరిగా ఒక సిగ్నల్ స్తంభం. ఆచూకీలో రెండే మాటలు — స్తంభం నుంచి నలభై అడుగులు, ఆపైన వంగాలి. మూడుసార్లు వచ్చాం. మూడుసార్లూ ముళ్లపొద ముందు నిలబడి వెనక్కి తిరిగాం. ఫోన్‌లో మేమున్న చోటు చూపే చుక్క ఒకచోట నిలవదు. తాగినవాడిలా ఊగుతుంది.

ఇది నాలుగోసారి.

ఆఖరిసారి కూడా కావచ్చు. కళ్ల డాక్టరు పోయిన నెలలో చెప్పాడు. ఆయన ఎడమ కంట్లో కమ్మిన నీడ కుడి కంట్లోకి కూడా వస్తోందట. వానలు మొదలయ్యేసరికి... అని ఆపేశాడు. మెట్లు దిగుతూ ఆయన నాతో ఒక్కటే అన్నారు.

"ఆ మొదటి దాంట్లో నా పేరు నేనే రాయాలే. చూసి రాయాలి."

అందుకే వచ్చాం. మంచులో. టేపు పట్టుకుని.

టేపు ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

ఆరేళ్లప్పుడు ఒక స్టేషన్‌లో అమ్మ నా చెయ్యి వదిలింది. మంచినీళ్లు తెస్తానని దిగింది. బండి కదిలింది. అమ్మ దొరికింది — రెండు రోజుల తర్వాత. కానీ ఆ రెండు రోజులూ నాలోంచి దిగిపోలేదు. తర్వాత చెల్లి. బస్సు కిటికీలోంచి చెయ్యి ఊపింది, గాజులు కదిలాయి, అదే చివరి చూపు.

చెయ్యి వదిలితే మనిషి పోతాడు. నాకు తెలిసింది ఇదే.

ఆయనకు తెలుసు. అందుకే డబ్బాలకు బయల్దేరిన మొదటిరోజునే టేపు కొస నా చేతిలో పెట్టారు.

నాకో పేరు కూడా పెట్టారు. దారపుండ అని.

ఎప్పుడూ అడుగులు ఆయనే లెక్కపెట్టేవారు. ఈసారి నేల సరిగా కనబడక నన్ను లెక్కపెట్టమన్నారు. ఆయన అడుగు చూస్తూ నా గొంతుతో లెక్క. ముప్పై ఎనిమిది. ముప్పై తొమ్మిది. నలభై.

ఆగాను. టేపు బిగిసింది. ఆయన ఇంకా నడుస్తున్నారు.

"నలభై అయిపోయాయండీ."

"ఇంకో నాలుగు వెయ్యి."

"నాలుగెందుకు?"

"కుట్టుకి ఉండాలిగా."



కొట్టులో నలభై ఆరేళ్లు విన్న మాట. ఛాతీ ముప్పై ఆరు, కుట్టుకి ఇంకో రెండు. పొడవు నలభై, మడతకి ఇంకో మూడు. ఎంత విన్నానంటే చెవికి ఆనడం మానేసింది.

"గుడ్డయితే కుట్టులో పోతుంది," అన్నాను. "అడుగులు ఎందులో పోతాయండీ?"

ఆయన నన్ను చూశారు. ముళ్లపొదను చూశారు. తన కాళ్లను చూసుకున్నారు. తర్వాత భుజాలు ఊగేలా నవ్వారు. మూడుసార్లూ నాలుగడుగులు ఎక్కువ వేసి, ఆ ముళ్లపొదకు చొక్కా కుట్టబోయారు నా మొగుడు.

నలభై దగ్గర నేల పక్కకు జారుతోంది. రెల్లు. రెల్లు వెనక చీకటి. చీకటి చుట్టూ ఇటుకలు.

తూము. కట్ట కింద ఒకప్పుడు నీళ్లు దాటిన తూము. ఇప్పుడు ఎండిపోయింది.

ఆయన మోకాళ్ల మీద కూర్చుని తూము నోటి వెడల్పు కొలిచారు. అంకె నేను చదివాను. పదిహేడు.

"నా భుజాలు పద్దెనిమిదిన్నర," అన్నారు. "నీవి పద్నాలుగు," అన్నారు. కొలవకుండానే.

వెళ్లమనలేదు. వద్దనలేదు.

నేను వంగాను.

ఫోన్ లైటు ఒక చేతిలో. టేపు కొస ఒక చేతిలో. చల్లటి ఇటుకలు. పొడి ఆకులు. పాకుతూ ఒక మూర, రెండు మూరలు... టేపు బిగిసింది. అరవై అయిపోయింది.

డబ్బా ఇంకా లోపల ఉంది. దూరంగా, ఒక గూటిలో, లైటు పడి మెరుస్తోంది.

కొస వదలాలి.

వేళ్లు వినలేదు. ప్లాట్‌ఫారం గుర్తొచ్చింది. కిటికీలో గాజులు గుర్తొచ్చాయి. అప్పుడు వెనకనుంచి చప్పుడు — కచ్... కచ్... కచ్.

కత్తెర.

ముళ్లకని సంచీలో తెచ్చిన ఆయన కత్తెర. ఎన్ని మధ్యాహ్నాలు ఆ చప్పుడులో వంట చేశాను. ఎన్ని జ్వరాలు ఆ చప్పుడులో పడుకున్నాను. కత్తెర ఆడుతుంటే మనిషి ఉన్నట్టే.

వదిలాను.

మూర. ఇంకో మూర. కచ్... కచ్...

ఆగిపోయింది.

వెనక్కి తిరిగేంత చోటు లేదు. ముందుకి ఒకే ఒక్క మూర ఉంది.

ఆ మూర పాకాను.

నా చెయ్యి వెనక్కి రాలేదు. ముందుకే వెళ్లింది. గూటిలోకి. డబ్బా మీదికి.

తిరిగి చూడలేక కాళ్లతో వెనక్కి పాకుతుంటే గోడల మీద వెలుగు పెరిగింది. ఇటుకలు ఎర్రగా కనబడ్డాయి. నాకు వెలుగు రావాలని తూము నోటి ముందున్న రెల్లంతా కోసేశారు ఆయన. కత్తెరలో ఒక రెల్లుపోచ ఇరుక్కుంది. అంతే. దాన్ని పీకే పనిలో ఉన్నారు.

"ఏమే దారపుండా, విప్పుకుపోయావే," అన్నారు.

మోచేతులు గీసుకుపోయాయి. జుట్టునిండా ఆకులు. డబ్బాను తలకంటే ఎత్తుగా పట్టుకుని నిలబడ్డాను, యుద్ధం గెలిచినదానిలా. చూసేవాళ్లు లేరు. ఒక కొంగ చూసింది. చాలు.

పుస్తకంలో పదకొండు పేర్లున్నాయి. పన్నెండోది ఆయన రాశారు. కాగితాన్ని కుడి కంటి దగ్గరగా పెట్టుకుని, సూదిలో దారం ఎక్కించినంత శ్రద్ధగా. అక్షరాలు పెద్దవి. వరస కాస్త పైకి ఎక్కింది. తలకట్టు ఒక్కటీ తప్పలేదు.

కింద నా పేరు. అతుకు లేకుండా, ఒకే ముక్కగా.

ఒక తెల్ల గుండీ వేశాం.

డబ్బాను మళ్లీ లోపల పెట్టాలి కదా. ఆయన టేపు కొస చాచారు. తల అడ్డంగా ఊపి, టేపు పట్టుకోకుండానే వంగి వెళ్లాను. కత్తెర ఆడించమని అడగలేదు.

ఆయన ఆడించారు. అది వేరే సంగతి.

వచ్చేసరికి ఎండ పట్టాలెక్కింది. ఫోన్‌లో ఇంకో చుక్క ఉంది — కట్ట చివర, వాగు అవతల. ఆయన దాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశారు. చూసి ఫోన్ నాకిచ్చారు.

"అంకెలు కూడా నువ్వే చదువు," అన్నారు.

చదివాను. ఒక్కొక్కటే.

వానలకు ఇంకా నాలుగు నెలలు. నాలుగు నెలలేనా... నాలుగు నెలలున్నాయా.

ఈసారి నేను ముందు. సున్నా ఉన్న కొస నా చేతిలో. అరిగిపోయిన మూడు అంకెల మీద నా బొటనవేలు.

గడ్డి మీద మంచు ఇంకా ఆరలేదు.

టేపు తడిగా ఉంది. చల్లగా ఉంది. వెనక ఆయన పట్టుకున్న బరువు —

నడుస్తోంది.