లాభం, రెండు

గంగారం అడవుల్లో వరద వచ్చాక గానీ మన పరిశోధకులకు ఆ ఊరు ఎటుందో తెలియలేదు. తెలిశాక ఆగలేదు. ఏడాదిలో పదకొండు వ్యాసాలు! నాకు ఒళ్లు మండింది. పన్నెండోది మాదే కాబట్టి నోరు మూసుకున్నాను.

మాది తొర్రూరు. నాన్న దత్తాత్రేయకు ధాన్యం కొట్టుంది. నేను, అక్షరను, వరంగల్‌లో సంజీవ సార్ దగ్గర వరదల మీద పరిశోధన చేస్తున్నాను.

రాష్ట్రం కోసం సమ్మె నడుస్తున్న రోజులవి. సర్కారు వానకొలత చూసే మనిషీ సమ్మెలోనే ఉన్నాడు. సరిగ్గా అప్పుడే గంగారం పక్కనున్న లంబాడీ తండా కుంట తెగి, కింది పొలాలన్నీ కొట్టుకుపోయాయి. కట్ట మీద పారతో కనిపించిన భీమ్లాయే గండి కొట్టాడని కేసు పెట్టారు. ఆ రోజు వాన ఎంత పడిందో తేలితే తప్ప అతను బయటపడడు.

భీమ్లా భార్య లచ్చి మాకు వాకిట్లోని రాతిరోలు చూపించింది.

"వాన వడితే గిది సూస్తం సార్. రోలు నిండంగనే నీళ్లు తోడి పారవోసి, మా మనిషిని కట్ట సూసిరమ్మని తోలుత. గా దినం గూడ గట్లనే పోయిండు."

"ఎన్నిసార్లు నిండింది?" అన్నారు సార్.

"పొద్దుగాల లాభం. పగటీలి లాభం. మాపటీలి రెండు. గప్పుడే కట్ట తెగింది."

సార్ రాసుకున్నారు. రోట్లో పట్టే నీళ్లు కొలిచి, మూతి వెడల్పుతో లెక్కగట్టి, పన్నెండు సెంటీమీటర్లని తేల్చారు. "ఈమాత్రం వానకు కట్ట తెగదు అక్షరా" అని ముఖం వేలాడేశారు.

ఆయన కాగితం లాక్కుని చూశాను. "పొద్దున మంచి వాన, పగలు మంచి వాన, సాయంత్రం రెండు రోళ్లు" అని ఉంది!

"అయ్యో సార్! లాభమంటే ఒకటి!"

మా కొట్లో గింజలు కొలిచేటప్పుడు ఒకటి అని ఎవరూ అనరు. మొదటి మానిక లాభం, తర్వాత రెండు, మూడు. ఇంట్లో లంబాడీ మాట్లాడే లచ్చికి తెలుగు అంకెలు మా తొర్రూరు కొట్లలో కందులు కొలిపించుకుంటూ వచ్చినవే.

"గింజలైనా వానైనా మొదటిది లాభమే గద బిడ్డా! గింత సదువుకున్న సారుకు గిదెర్క లేదా?" అని లచ్చి ముక్కున వేలేసుకుంది.

హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన సారుకు ఎలా తెలుస్తుంది? ఇంకొకరైతే దబాయించేవారే. ఆయన మాత్రం చేతులు జోడించి "తప్పు నాదేనమ్మా" అన్నారు. ఆ క్షణాన ఆయన మీద నాకు గౌరవం రెట్టింపైంది.

నాలుగు రోళ్లు. ఇరవై నాలుగు సెంటీమీటర్లు. వాగు వంతెనకు అంటిన బురద గీత కూడా ఆ లెక్కకే సరిపోయింది. అంత వానకు ఆ మట్టికట్ట నిలిచే ప్రశ్నే లేదు.

విచారణకు వచ్చిన అధికారి మా కాగితాలన్నీ ఓపిగ్గా చదివి, కేసు ఎత్తేయమని రాశాడు. తర్వాత కళ్లద్దాలు తీసి, "ఇంత పక్కాగా వాన కొలిచిన సైంటిస్టు ఎవరండీ?" అని అడిగాడు.

సార్ నోరు తెరిచేలోపే, నాలుగు నెలలుగా ఎవరి ముందూ తలెత్తని భీమ్లా లేచి నిలబడ్డాడు.

"మా ఇంటామె సార్" అన్నాడు.