వాసెన విప్పని జాడీ

నేను ఒక జాడీని. పైసగం గోధుమరంగు, కిందిసగం పాలతెలుపు, అటూ ఇటూ రెండు చెవులు. బట్టీలో మమ్మల్ని కాల్చేటప్పుడు ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పే కరిగి మా ఒంటికి నునుపవుతుంది. అంటే ఊరగాయ మొహం చూడకముందే ఉప్పు తిన్నవాళ్లం. ఆ విశ్వాసంతోనే కాబోలు, కడుపులో పడినదాన్ని పాడుకానివ్వం. మనుషుల సంగతి వేరు.

నన్ను కాకినాడ సంతలో కొన్నది మాణిక్యాంబ. పెళ్లంటే ఏమిటో తెలిసేలోగా మొగుడు పోయి, పుట్టింటి వంటింట్లో స్థిరపడ్డ మనిషి. తల్లీతండ్రీ కూడా పోయాక ఆవిడకి మిగిలింది ఒక్క తమ్ముడు భుజంగరావు, ఒక మడి. మడంటే అలాంటిలాంటి మడి కాదు! నా దరిదాపులకి ఆవిడ తప్ప ఇంకో ప్రాణి రాకూడదు. తడి చెయ్యి పడినా, మైల చెయ్యి పడినా ఊరగాయ బూజు పడుతుందని ఆవిడ నమ్మకం. తడి చేతి మాట నిజమే. మైల సంగతి బూజుకి తెలీదు.

తమ్ముడు ఈ మడికి పూర్తిగా అడ్డం. పడవెక్కి రంగం వెళ్లాడు, అదే, రంగూన్. అక్కడ అచ్చాపీసులో అక్షరాలు కూర్చే పనిలో చేరి, రాజూ వద్దు, సర్కారూ వద్దు, కులమూ దేవుడూ అసలే వద్దు అనే మాటలు నేర్చుకుని తిరిగొచ్చాడు. "మనిషి మీద మనిషి పెత్తనం లేని లోకం వస్తుందే అక్కయ్యా" అనేవాడు. "వస్తే రానీ, ముందు కాళ్లు కడుక్కో" అనేది ఆవిడ. ఆరేసిన మడిచీర మీద కావాలని వేలు పెట్టి పారిపోయేవాడు. "నీ మొహం మండా!" అని తిడుతూ, లోపల్లోపల నవ్వుకుంటూ, ఆవిడ చీర మళ్లీ తడిపి ఆరేసుకునేది.

అతనికి ఎక్కడెక్కడి దేశాల నించో ఉత్తరాలొచ్చేవి. అందరూ అతనిలాంటి వాళ్లే, సర్కారంటే గిట్టనివాళ్లు. పెళ్లి చేసుకోలేదు. ఆ ఉత్తరాలే అతని సంసారం.

ఒకరోజు పొద్దున్నే పోలీసులు వస్తున్నారని కబురొచ్చింది. ఉత్తరాల కట్ట అక్క చేతిలో పెట్టి, "పొయ్యిలో పెట్టెయ్. ఇందులో ఉన్నవాళ్ల పేర్లు బయటపడితే వాళ్ల కొంపలు మునుగుతాయి" అని చెప్పి దొడ్డిదారిన పోయాడు. వీధి చివరే పట్టేసుకున్నారు.

ఆవిడ పొయ్యి ముందు కూలబడింది. మంట ఉంది, చేతిలో కట్ట ఉంది. చెయ్యి రాలేదు. కొత్తావకాయకి ఇంకా రోజులుండబట్టి నేను కడిగి ఎండబెట్టిన ఖాళీ కడుపుతో ఉన్నాను. కట్టని పాత పట్టుగుడ్డలో చుట్టి నాలోకి దించింది. తాళపత్రాలకి పురుగు పట్టకుండా వాళ్ల తాత వసకొమ్ము పెట్టేవాడట, అవీ నాలుగు ముక్కలు వేసి, మూతపెట్టి, గుడ్డతో వాసెన కట్టింది.

హెడ్డు కానిస్టేబులు పేర్రాజు ఇల్లంతా సోదా చేశాడు. అటక, బియ్యం డబ్బా, ఆఖరికి దేవుడి పీఠం కూడా వదల్లేదు. వంటింటి గడప దగ్గరికొచ్చి, "ఆ పెద్ద జాడీలో ఏవుందమ్మా?" అన్నాడు.

"ఏవుంటుంది నాయనా, ఆవకాయ. మడితో పెట్టింది. విప్పుతానంటే విప్పు. బూజు పడితే ఏడాదంతా మీ ఆవిడ పెడుతుందా నాకు?"

హెడ్డు గడప మీద పెట్టిన కాలు వెనక్కి తీసుకున్నాడు. "వద్దులెండి, ఆడకూతురి ఉసురు నాకెందుకు" అని వెళ్లిపోయాడు. అంత సర్కారూ నా మూతిగుడ్డ దగ్గర ఆగిపోయింది. చూసి నవ్వాల్సినవాడు మాత్రం జైల్లో ఉన్నాడు.

భుజంగరావు తిరిగొచ్చేసరికి మనిషి సగమయ్యాడు, దగ్గు తోడొచ్చింది. గుమ్మంలోనే అడిగాడు, "కాల్చేశావా అక్కయ్యా?" ఆవిడ ఆ ఎముకల గూడుని ఎగాదిగా చూసింది. నిజం చెబితే మళ్లీ కట్ట విప్పుతాడు, మళ్లీ కలం పడతాడు, మళ్లీ తీసుకుపోతారు. ఈసారి మనిషి దక్కడు.

"కాల్చేశాను" అంది.

"మంచిపని చేశావే" అని పెరట్లోకి పోయి చాలాసేపు నూతిగట్టు మీద కూచున్నాడు.

ఆవిడ కోరుకున్నట్టే తమ్ముడు ఇంటిపట్టున ఉన్నాడు. కానీ ఇంట్లో మాట చచ్చిపోయింది. పోస్టుమాను వీధిలోంచి వెళ్తుంటే మొహం తిప్పుకునేవాడు. మడిచీర జోలికే వచ్చేవాడు కాదు. ఆవిడే ఓసారి పనిగట్టుకుని అతని దారికడ్డంగా చీర ఆరేసింది. అతను ఒద్దికగా తలవంచి పక్కనించి తప్పుకుపోయాడు. ఆ వేళ ఆవిడ నా పక్కన కూచుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాకూ దిగులేసింది. కడుపునిండా మాటలున్నాయి, ఒక్కటీ చదవలేను.

ఓ మధ్యాహ్నం అతనికి నోరు చచ్చిపోయి ఆవకాయ కావాలన్నాడు. ఆవిడ గిన్నె కొంగుచాటున పెట్టుకుని పక్కింటికి పోయింది. అతను నీళ్లకోసం వంటింట్లోకొచ్చి నా ముందు ఆగిపోయాడు. వంగి వాసన చూశాడు. ఆవకాయ జాడీ దగ్గర వసకొమ్ము వాసనేమిటి? తాత పుస్తకాల పెట్టె ఎరగనివాడా! నెమ్మదిగా చతికిలబడి వాసెన ముడి మీద చెయ్యి వేశాడు. విప్పు నాయనా, విప్పు, అనుకున్నాను. ముడి సగం వదులైంది. అంతలో ఏమనుకున్నాడో, మళ్లీ బిగించాడు.

"నీ ఇష్టమేలేవే అక్కయ్యా" అన్నాడు, ఎవరూ లేని వంటింట్లో. ఒక్కసారి నవ్వాడు, దగ్గొచ్చింది.

ఆవిడొచ్చి అన్నం వడ్డించింది. "బావుందే. మన జాడీలోదేనా?" అన్నాడు. "ఆఁ, మన జాడీలోదే" అంది తల తిప్పుకుని. మారు అన్నం పెట్టించుకుని మరీ తిన్నాడు. ఆ వానాకాలం దాటలేదు.

తరవాత ఆ ఇంట్లో ఆవిడా నేనే. ఏటా వేసవిలో తలుపు గడియ పెట్టి, పట్టుచీర మడి కట్టుకుని, ఉత్తరాలు నీడపట్టున పరిచి ఆరబెట్టేది. ఎవరికివ్వాలో తెలీదు, ఎవరూ అడగలేదు. నాలో ఇంకెప్పుడూ ఆవకాయ పెట్టలేదు. ఇరుగమ్మలు పిసినారిదన్నారు.

ఆవిడ నడుం వంగిపోయాక రాజమండ్రి నించి కరుణ మేరీ అనే అమ్మాయి వచ్చింది. పాత తిరుగుబాటుదార్ల కాగితాలు భద్రపరిచే గ్రంథాలయంలో పనట. వేరే ఎవరి ఉత్తరాల్లోనో భుజంగరావు పేరు చూసి వెతుక్కుంటూ వచ్చింది. మాణిక్యాంబ నా దగ్గరికి తీసుకొచ్చి, "నాకు వంగడం చాతకాదు, నువ్వే తియ్యి" అంది.

"నేను ముట్టుకోవచ్చా అమ్మమ్మగారూ?"

"ముట్టుకోకపోతే ఎలా తీస్తావే పిచ్చిపిల్లా? చెయ్యి పొడిగా ఉందా, అంతే."

కాగితాలు చెక్కుచెదరలేదు. కరుణ ఒకటి తీసి తెలుగులో చెప్పింది. అర్జెంటీనాలో చెప్పులు కుట్టే ఆయన రాసినది. 'మీ అక్కగారి ఊరగాయ గురించి తెగ రాస్తావు. మన లోకం వచ్చాక ఆవిడ చేతి అన్నం తినడానికి వస్తాను. పంక్తిలో కూచోనిస్తుందో లేదో అడిగి చెప్పు.'

మాణిక్యాంబ గోడకి చేరబడి భోరుమంది. "కూచోనిస్తానని రాయించేదాన్నమ్మా. కాల్చేశానని వాడితో అబద్ధమాడాను. తన ఉత్తరాలు బూడిదయ్యాయనుకునే పోయాడు, వెర్రినాగన్న."

మరుసటేడు ఆవిడా పోయింది. ఇప్పుడు ఉత్తరాలు గ్రంథాలయం బీరువాలో ఉన్నాయి, చదివేవాళ్లు వస్తున్నారు. నేను కరుణ బల్ల పక్కన ఖాళీగా ఉన్నాను. భుజంగరావు గురించి ఆ అమ్మాయి వ్యాసం రాసి, పైకి చదివి సరిచూసుకుంది. తన ఉత్తరాలు మిగిలి ఉన్నాయని ఆయనకి చివరిదాకా తెలియదు అని రాసింది. అందరూ అదే నమ్ముతారు, కాగితం మీద ఉంది కదా.

వాడికి తెలుసమ్మా మాణిక్యాంబా. తెలిసే ఊరుకున్నాడు.