నాలుగో ట్యాపు

హైటెక్ సిటీలో ఆఫీసుల వెనక సందులో ఉన్న ఆ చిన్న పబ్బులో బీరు తయారుచేసే పని తేజస్వినిది. కాకినాడలో ఉన్న అమ్మానాన్నలకు మాత్రం ఫుడ్ కంపెనీ అని చెప్పుకుంది.

ప్రతి శుక్రవారం పొద్దున బీరు ట్యాపుల పైపులు కడగాలి. కాస్టిక్ సోడా నీళ్లు పైపుల నిండా పట్టించి, కాసేపు నాననిచ్చి, ఆ తర్వాత మంచినీళ్లు వదులుతూ ఉండాలి. లిట్మస్ కాగితం నీలంగా మారడం మానేదాకా ఆపకూడదు. చూడ్డానికి నీళ్లలాగే ఉండి, వేలికి సబ్బులా జారే, చర్మం మీద పడితేనే బొబ్బలెక్కించే మందు అది. అందుకే కడుగుతున్న ట్యాపుకి ఎర్ర అట్టముక్క కట్టి పెడుతుంది తేజస్విని.

ఆ శుక్రవారం మూడు ట్యాపులు అయిపోయాయి. నాలుగోది నానుతుండగా లోపల బీరు కాచే పెద్ద కెటిల్లో మరుగుతున్న మాల్ట్ రసం పొంగింది. అట్టముక్క కట్టకుండానే పరుగెత్తింది.

మంట తగ్గించి, నేల మీద ఒలికింది తుడిచి తలెత్తేసరికి పన్నెండు కావస్తోంది. మధ్యలో ఉన్న అద్దాల గోడలోంచి బయటికి చూసింది. పక్క ఆఫీసు నుంచి వచ్చిన ఆరుగురు బల్ల చుట్టూ కూర్చున్నారు. కౌంటర్ చూసుకునే రాజేందర్ వాళ్ల ముందు గ్లాసులు పెడుతున్నాడు. మసకగా, పచ్చగా ఉంది బీరు. గోధుమ బీరు. నాలుగో ట్యాపుది.

తలుపు ఎలా తీసిందో తెలియదు.

"తాగకండి! ఎవరూ తాగకండి!"

అదృష్టం, వాళ్లింకా గ్లాసులెత్తి ఫోటో దిగుతున్నారు. ఒకమ్మాయి పెదవి దాకా తీసుకెళ్లిన గ్లాసుని తేజస్విని చేత్తో లాగేసింది. సగం బీరు ఆ అమ్మాయి ఒళ్లో పడింది.

"ఏంది మేడం, గిట్ల జేస్తవ్?" అన్నాడు రాజేందర్ బిత్తరపోయి. "ముందుగాల ఒక గ్లాసు నీళ్లలెక్క వచ్చింది. అది పక్కకు పెట్టిన. గివి మంచిగనే ఉన్నయ్."

ఆమె జేబులోంచి లిట్మస్ కాగితం తీసి గ్లాసులో ముంచింది. నీలం తిరిగింది. బీరు కలిసినదే ఇలా ఉంటే, ముందు వచ్చిన ఆ గ్లాసు నిండా ఉన్నది ఉత్త కాస్టిక్.

"ఆ గ్లాసేది?"

రాజేందర్ కౌంటర్ వైపు తిరిగాడు. అక్కడ ఏమీ లేదు. "గీడనే ఉండె... లచ్చమ్మ తీస్కపోయింది కావచ్చు."

గిన్నెలు కడిగే చోట, గోడకి చేరగిలబడి కూర్చుంది లచ్చమ్మ. కొంగు నోటికి అదిమి పట్టుకుంది. కళ్ల వెంట ధారగా నీళ్లు. పక్కనే గ్లాసు, ముప్పాతిక నిండుగా. పొద్దుటినుంచీ వేడినీళ్ల ఆవిరిలో నిలబడి గిన్నెలు తోమిన మనిషి, దాహమై ఎత్తిందని వేరే చెప్పక్కర్లేదు.

"మింగావా అమ్మా? మింగావా?"

తల అడ్డంగా ఊపింది. మళ్లీ ఏమో అన్నట్టు చెయ్యి తిప్పింది.

వంటాయన విరుగుడని నిమ్మరసం పట్టుకొచ్చాడు. "వద్దు! కక్కించొద్దు కూడా!" అని అరిచింది తేజస్విని. పదే పదే మంచినీళ్లు పట్టి పుక్కిలించి ఉమ్మించింది. ఉమ్మిన నీళ్లలో ఎర్రటి జీర కనిపించగానే కారు తీయమని కేకేసింది.

కారులో లచ్చమ్మ తల తేజస్విని భుజం మీద ఉంది. ముందు సీట్లోంచి మేనేజర్ సోమేశ్వరరావు గొంతు తగ్గించి అన్నాడు. "డాక్టరుతో ఆవిడే ఏదో పొరపాటున తాగిందని చెప్పండి. అంతకుమించి మాట్లాడకండి. మీ ఉద్యోగం సంగతి కూడా ఆలోచించుకోండి."

ఉద్యోగం పోతుందని తేజస్వినికి భయమే. కానీ భుజం మీద ఉన్న మనిషి ఊపిరి గరగరమంటోంది. దవాఖానలో డాక్టరు అడగకముందే, ఏ మందు, నీళ్లలో ఎంత కలిపింది, ఎంతసేపైంది, అన్నీ చెప్పేసింది.

గొంతులోకి గొట్టం వేసి చూడాలని లోపలికి తీసుకెళ్లారు. గంట గడిచింది. మూసాపేట నుంచి లచ్చమ్మ కూతురు కళ్యాణి పరుగున వచ్చింది.

"మా అమ్మకేం తాపిచ్చిన్రు?"

"పైపులు కడిగే మందు. నీళ్లనుకుని తాగింది. ఆ ట్యాపుకి గుర్తు కట్టాల్సింది నేను. కట్టలేదు."

కళ్యాణి కొడుతుందనుకుంది. తిడుతుందనుకుంది. ఆ పిల్ల వెళ్లి దూరంగా కుర్చీలో కూర్చుంది. తేజస్విని దాన్నే తట్టుకోలేకపోయింది. డాక్టరు వచ్చేదాకా తలుపు వైపు చూస్తూ అలాగే నిలబడిపోయింది.

"లోపలికి దిగలేదండి," అన్నాడు డాక్టరు చివరికి. "నాలుక, పెదాలు కాలాయి. మానతాయి. కొంచెం మింగి ఉంటే మాత్రం నేనీ మాట చెప్పేవాణ్ణి కాదు."

మూడో రోజున లచ్చమ్మ ముద్దముద్దగా మాట్లాడింది. తేజస్విని ఏడుస్తుంటే విసుక్కుంది.

"ఏడ్పు బంద్ జెయ్ బిడ్డా. రాజేందర్‌ను పనిలకెళ్లి తీసేస్తరంట. ఆనికి ఇద్దరు పిల్లలు. ఆని తప్పేం లేదని నీ సారుకు జెప్పు."

ఆ సాయంత్రమే తేజస్విని జరిగింది జరిగినట్టు రాసి, సంతకం పెట్టి సోమేశ్వరరావుకి ఇచ్చింది. రాజేందర్ పని నిలిచింది. తేజస్వినిని నెల రోజులు రావద్దన్నారు.

ఆ నెలంతా బాచుపల్లిలోని తన గదిలో, మంచినీళ్లు తాగబోయిన ప్రతిసారీ ముందు వేలు ముంచి చూసుకునేది. సబ్బులా జారుతోందేమోనని.