వెనక్కి తీసుకోబడును

అత్తగారి తరఫు వాళ్ళంతా అతన్ని ఫ్రిజ్జల్లుడు అంటారు. ఫ్రిజ్జుల కంపెనీలో పనిచేస్తాడు మరి. ఏ కంపెనీ సరుకు పాడైతే ఆ కంపెనీయే వెనక్కి తీసుకుని, విడగొట్టి, పనికొచ్చేదంతా మళ్ళీ వాడాలని కొత్తగా చట్టం వచ్చింది. ఆ పని వచ్చి వచ్చి ఇతని నెత్తినే పడింది. సేకరణ కేంద్రం తెరిచేది రేపే. ప్రభుత్వ తనిఖీ అధికారి వస్తున్నాడు. బ్యానరు వచ్చింది, రిబ్బను వచ్చింది, మనిషంత తూకం యంత్రం వచ్చింది. పాడైన ఫ్రిజ్జు మాత్రం ఒక్కటీ రాలేదు.

"రేపటికి ఒక్క ఫ్రిజ్జయినా లేకపోతే నువ్వే వెళ్ళి ఆ తూకం మీద కూర్చో. ఆ తర్వాత ఇంట్లో కూర్చో," అన్నాడు మేనేజరు. ఆ మనిషికి హాస్యమాడే అలవాటు లేదు.

ఫ్రిజ్జల్లుడు భార్యను వెంటబెట్టుకుని ఆఘమేఘాల మీద అత్తగారింటికి వెళ్ళాడు. అక్కడ వంటింట్లో వాళ్ళ కంపెనీదే ఒకటుంది. ఎప్పుడో ఆగిపోయింది. ఇప్పుడది బీరువా. పై అరలో దుప్పట్లు, కింది అరలో తువ్వాళ్ళు, గుడ్లు పెట్టే గుంటల్లో గుంటకో జత చొప్పున మేజోళ్ళు. ఐసు గదిలో, ఎందుకో మరి, ఉన్ని టోపీలు.

"ఇది ఇచ్చేయండి అత్తయ్యా. మేం చేసింది మేమే వెనక్కి తీసుకోవాలట. చట్టం."

అత్తగారు తువ్వాలు మడతపెడుతూ తలెత్తింది. "అంటే ఎవరి దగ్గర్నుంచి వచ్చింది వాళ్ళే వెనక్కి తీసుకోవాలా?"

"అంతే."

"అయితే ముందు మీ మాట వెనక్కి తీసుకోండి బాబూ."

ఏ మాటో అతనికి బాగా తెలుసు. ఫ్రిజ్జు ఆగిన రోజున దాని వీపుకు చెవి ఆనించి, పెద్ద డాక్టరులా పెదవి విరిచి, చుట్టాలందరి ముందూ తీర్పు చెప్పాడు. "కంప్రెసర్ పోయింది. వాడటం చేతకాక చంపేశారు అత్తయ్యా!" అందరూ పడీపడీ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. మర్నాడే వేరే కంపెనీ ఫ్రిజ్జు కొని హాల్లో పెట్టించింది. ఆ మాట మాత్రం ఇన్నేళ్ళూ ఆవిడ మనసులో కలుక్కుమంటూనే ఉంది.

"ఉన్నమాటేగా అన్నాను," అని గొణిగాడు ఫ్రిజ్జల్లుడు. కంపెనీ ఉప్పు తింటూ తప్పు ఫ్రిజ్జుదని ఎలా అంటాడు?

"అమ్మా, ఆయన ఉద్యోగం పోతుందే," అని కూతురు బతిమాలింది.

అత్తగారు నిట్టూర్చి దుప్పట్లు ఖాళీ చేసింది. "తీసుకెళ్ళండి. నేనూ వస్తాను. చివరి చూపు చూసుకోవద్దూ?"

మర్నాడు అధికారి రిబ్బను కత్తిరించాడు. మేనేజరు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. "పాడైందో లేదో చూసి తీసుకోవాలి," అన్నాడు అధికారి, ఫ్రిజ్జును చూపించి. ఎవరో ప్లగ్గు పెట్టారు.

ఫ్రిజ్జు గుర్రుమంది. తలుపు తీస్తే లోపల లైటు వెలిగింది. ఆ వెలుగులో, గుడ్ల గుంటలో మర్చిపోయిన ఎర్ర మేజోళ్ళ జత ధగధగలాడింది.

"ఏమండీ," అంది భార్య మెల్లగా, "ఆ రోజు మీరు వంటింటి గోడకున్న ప్లగ్గు పాయింటులో కరెంటుందో లేదో చూశారా?"

చూడలేదు. చెవి పెట్టింది ఫ్రిజ్జుకే.

"పనిచేసేది వెనక్కి తీసుకోకూడదు. చట్టం ఒప్పుకోదు," అనేశాడు అధికారి.

మేనేజరు తూకం వైపు వేలు చూపించాడు. ఫ్రిజ్జల్లుడు వెళ్ళి బుద్ధిగా దాని మీద కూర్చున్నాడు. అక్కణ్ణుంచి చూస్తే అత్తగారు కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది. "నేను చంపలేదన్నమాట," అంటోంది, ఎవరితోనూ కాదు. అతనికి ఉద్యోగం సంగతే గుర్తు రాలేదు. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

"అత్తయ్యా, తప్పు నాదే. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను."

ఆవిడ అధికారి వైపు తిరిగింది. "పనిచేసేది వెనక్కి తీసుకోకూడదన్నారు కదండీ?"

"కూడదమ్మా."

"ఆ మాట ఇన్నేళ్ళూ శుభ్రంగా పనిచేసింది," అంది అత్తగారు అల్లుడి వైపు తిరిగి. "ఇప్పుడే పాడైంది. తీసుకోండి బాబూ."