నేరేడు నీడకు దినాలు

పొద్దు పొడవకముందే గోపమ్మ సమాధుల తోట గేటు తీస్తది. చీపురు వట్టుకోని ఈ కొస నుంచి ఆ కొస దాక ఊడుస్తది, ఊడ్సుకుంటనే తిడ్తది. కొబ్బరి చిప్పలు ఆడాడ్నే ఇడిసి పోయినోళ్లను, అగర్‌బత్తీల కాయిదాలు పారేసినోళ్లను, బీడీలు తెచ్చి దొరసాని సమాధి మీద రుద్ది ఆర్పినోళ్లను, ఒక్కొక్కల్ని పేరువెట్టి తిడ్తది. ఇన్నేండ్లల్ల చచ్చినోళ్లతోని ఆమెకు ఒక్కనాడన్న లొల్లి కాలేదు. బతికున్నోళ్లతోనే వశమైతలేదు.

సిరిమెట్ల ఊర్ల ఎవలన్న చచ్చిపోతే 'తోటకు పోయిండు' అంటరు. నారాయణపేటకు పోయే తొవ్వల, ఊరవతల గట్టు కింద ఉన్నదది. సంస్థానం నడిసిన కాలంల ఒక దొరసాని తన పసిబిడ్డ పోతే ఆడ పాతిపెట్టిచ్చి, బిడ్డకు ఎండ తగలొద్దని చుట్టు చెట్లు పెట్టిచ్చిందట. తర్వాత దొరలంత వరుసవెట్టి ఆడనే పండుకున్నరు. దొరలు పోయినంక ఊరోళ్లు గూడ ఆడికే రావట్టిరి. పొగడలు, దేవగన్నేర్లు, రేలచెట్లు, గోడ పొంటి సీతాఫలం పొదలు. పగిలిన సమాధుల సందుల్ల ముంగిసలు, ఉడుములు. అన్నిటి నడుమ పెద్ద అల్లనేరేడు.

ఆ నేరేడు ఇప్పుడు లేదు. దాని నీడ ఉన్నది.

ఏమైందంటే, తెలంగాణ వచ్చినంక ఊరు మున్సిపాలిటీ అయింది. అయినంక తోటను అందంగ చెయ్యాలని బుద్ధి పుట్టింది పెద్దమనుషులకు. నడిసే తొవ్వలల్ల టైల్సు, సమాధులన్నిటికి తెల్లరంగు ఏపిచ్చిండ్రు. మిరుగు కార్తె రాంగనె నేరేడుపండ్లు రాలి ఆ తెలుపంత ఊదారంగయింది, పైకెల్లి చిలుకల రెట్టలు. ఇంకేముంది, మిషిను తెచ్చి ఒక్క పూటల చెట్టు కోసి లారీల ఏస్కపోయిండ్రు. మొద్దు గూడ పెకిలిచ్చుకపోయిండ్రు. నీడ మాత్రం లారీ ఎక్కలేదు.

పొద్దుగాల పడమటికి సాగుతది, నడిపొద్దుకు మొదలుకాడికి ముడుసుకుంటది, మాపటీలి తూర్పుకు తిరుగుతది. గాలొస్తే ఊగుతది. ఎండకాలం పోవొచ్చే యాళ్లకు గుత్తులు గుత్తులు కాయల నీడలు గూడ కాస్తయి. ఊరోళ్లు మొదటిరోజు జర వింతగ సూసిండ్రు, రెండోరోజు సాపలు తెచ్చి దాంట్ల పరుసుకున్నరు.

అందరికి మంచిగనె ఉన్నది. గోపమ్మకే ఒళ్లు మండుతున్నది. చిలుకలు వచ్చి, కొమ్మలున్న జాగల గిర్రగిర్ర తిరిగి, కూసునే దిక్కులేక ఒర్రుకుంట ఎటో పోయినయి. గబ్బిలాలు పోయినయి. ఉడుతలు ఒకటో రెండో పొగడ మీదికి మారినయి. పండ్లు లేకపోతే పురుగు లేదు, పురుగు లేకపోతే పిట్ట లేదు. ఇదంత ఎవనికి గావాలె?

పోయేముందు చెట్టు రాల్చిన గింజల్ని గోపమ్మ కవర్లల మొలకేసి పెట్టుకున్నది. గని నాటుడెట్ల? సమాధులు, ఉన్న చెట్లు పోంగ మిగిలినదంత బండ. జానెడు తవ్వితె గడ్డపార ఠంగుమంటది. పాత నేరేడు వేర్లు బండను చీల్సుకోని పోయిన గుంటల ఒక్కచోటనే లోతు మన్నున్నది. ఆ గుంట మీద పొద్దంత నీడనే. పెట్టిన మొక్క పెట్టినట్టే ఎండ దొరకక సన్నగ సాగి, పసుపుపచ్చగయి, పండుకుంటున్నది. ఇగ ఒక్కటే మిగిలింది. నాలుగాకులతోని కిందమీద వడుతున్నది. అది గూడ పోతే ఆ చెట్టు వంశం పోయినట్టే.

బీరువ అద్దం ఊడపీకి తెచ్చి, ఎండను మలిపి మొక్క మీదికి కొట్టింది. నీడ మెల్లగ జరిగి అద్దం మీద కూసున్నది. కోపమొచ్చి చీపురుతోని నీడను నాలుగు బాదింది. దుమ్ము లేసింది, అంతే.

వార్డు కౌన్సిలర్ నరేశ్ వచ్చిననాడు అడ్డం నిలవడ్డది.

"నరేశూ, ఈ మొక్క బతకాలంటే ఎండ గావాలె. ఏదన్న ఉపాయం జెయ్యి బిడ్డా."

"ఇంకో చెట్టెందుకు గోపమ్మా? నీడ ఉన్నది గద!"

"నీడ మీద చిలుకలు కూసుంటయా? నీడకు పండ్లు కాస్తయా?"

"కాస్తున్నయి గద. నిరుడు నేనే సూసిన."

"తిన్నవా మరి?"

"తినెటియి బజార్ల దొరుకుతయి తియ్యి. సూడు, వానలు వడేలోపట ఆ మొక్క ఎదిగితె ఎదిగింది. లేకుంటే గుంట పూడిపిచ్చి టైల్సు ఏపిస్త. మీటింగుల అందరు ఒప్పుకున్నరు."

"నీ మీటింగుల మన్నువడ!" అన్నది గోపమ్మ. అప్పటికే బండి చాలు చేసి పోయిండు నరేశ్.

ఆ మాపటీలి ఎల్లస్వామి నీడల కూసోని తంబాకు నలుసుకుంటున్నడు. తోటల పోయినోళ్లకు మూడొద్దులు, దినాలు చేయించేది ఆయననే. గోపమ్మకు అన్న వరుస. మొక్క ముంగట గొంతు కూసోని ఆకులు తడుముతున్న గోపమ్మను సూసి నవ్విండు.

"గింత రంది వడ్తున్నవు గని చెల్లె, దానికి దినాలు జేసిండ్రా ఎవలన్న?"

"దేనికి?"

"చెట్టుకు. ఊరందరికి దినాలు జేసిన జాగల దానికే జెయ్యకపోతిరి. దినాలు గాకుంటే పోయినోళ్లు ఎటుపోతరు? ఈడీడ్నే తిరుగుతరు."

ఎల్లస్వామి నగులాటకే అన్నడు. గోపమ్మ నవ్వలేదు.

తెల్లారి బువ్వ వండింది, పప్పు జేసింది, రెండు గుడ్లు ఉడకవెట్టింది. మేకలపెంట ఒక గంపెడు, బోరు నీళ్లు ఒక బిందెడు తెచ్చింది. పోయినోళ్లకు ఇష్టమైనవి పెట్టాలె గద, నేరేడుకు ఇంతకంటె ఇష్టమైనవేముంటయి?

"పెంట తినే కాకిని నేను సూడలే చెల్లె," అన్నడు ఎల్లస్వామి.

"బువ్వ కాకికి, పెంట దానికి. నువ్వు చేయించేది చేయించన్నా."

చేయించిండు. గుంట పక్కన మోదుగాకుల ఇస్తారి పరిసి బువ్వ పెట్టి, ఇద్దరు దూరం జరిగిండ్రు. పిట్ట వచ్చి ముట్టాలె. ముట్టకపోతే పోయినోళ్లకు ఏదో కోరిక మిగిలినట్టు. అదేందో ఉన్నోళ్లు ఎరుక జేస్కోని, తీరుస్తమని నోరిడిసి మాటియ్యాలె. అప్పటిదాక ఇంట్ల ఎవలు మెతుకు ముట్టొద్దు.

కోళ్ల దుకాణం దిక్కుకెల్లి ఒక కాకి వచ్చి గోడ మీద వాలింది. మెడ అటిటు వంపి ఇస్తారిని సూసింది. కదలలేదు.

"మొక్కకు దినాం నీళ్లు వోస్త," అన్నది గోపమ్మ.

కాకి రెక్కల సంకల ముక్కువెట్టి గోక్కున్నది.

"చిలుకలొస్తె ఎవల్ని తోలనియ్య. రెట్టలేసినా నేనే కడుగుత."

కదలలేదు.

"నిన్ను కొట్టిచ్చినోళ్లు మట్టిగొట్టుకపోవాలె! అంటున్న, ఇన్నవా?"

"గట్లనకు చెల్లె, దినాలకాడ," అన్నడు ఎల్లస్వామి.

నడిపొద్దయింది. ఎల్లస్వామికి ఆకలి, గోపమ్మకు కోపం. "ఇంకేం గావాలె దీనికి? బతికినన్నొద్దులు నోరు తెరిసి ఒక్కటడగలే. ఇప్పుడు సతాయిస్తున్నది!"

ఎల్లస్వామి నిమ్మళంగ అన్నడు. "పోయినోళ్లు తమకోసం ఆగరు చెల్లె. ఉన్నోళ్ల మీద రందితోని ఆగుతరు. మన నర్సింగమ్మ దినాలకు కాకి ముట్టనే లేదు సూసినవు గద. 'అత్తా, మామను నేను సూసుకుంట' అని కోడలన్నంకనే ముట్టింది. దీనికి ఎవలున్నరో సూడు."

"దీనికెవలుంటరన్నా, ఊరంత కలిసి కొట్టేసిరి..." అని ఆగిపోయింది గోపమ్మ.

ఆమె పెనిమిటి సాయిలు ఈ తోటకే మాలి. చెట్టు కొట్టకముందు ఎండకాలం, గేటుకాడ బోరు పైపు పగిలితే ఎండలవడి తవ్వుకుంట పడిపోయిండు. వడదెబ్బ అన్నరు దవాఖానల. చచ్చినంక తెచ్చి నేరేడు కిందనే పండవెట్టిండ్రు. అప్పటికెల్లి గోపమ్మ గూడ ఎండ, పొద్దు సూసుకోకుంట పనిచేస్తనే ఉన్నది. నెత్తి మీద నీడ ఉండనే ఉండె, సూసుకునే పనే రాలేదు.

గుంటకాడికి పోయి కూలవడ్డది.

"నాకోసమా? నాకోసమా నువ్వు ఆగింది? నిన్నెవలు ఆగమన్నరే! నేనడిగిన్నా? నీ బిడ్డ ఎండకు మొఖం వాసి చస్తుంటె, ముసల్దాని నెత్తికి గొడుగు వట్టుకోని నిలవడ్డవా? నీకేమన్న తెలివున్నదా?"

తిట్టుకుంటనే ఏడ్సింది. సాయిలు పోయిననాడు గూడ గంత ఏడ్వలేదు. ఏడ్సి ఏడ్సి, కొంగుతోని ముక్కు తుడుసుకోని, నేల మీద చెయ్యివెట్టి మాటిచ్చింది.

"ఇను. నెత్తికి తువ్వాల సుట్టుకుంట. పొద్దెక్కకముందే పని ముగిస్త. ఎండ ముదిరితె ఎవలు పిలిసినా గేటుకాడి అర్రలకెల్లి బయటికి రాను. ఆకలున్నా లేకున్నా ఇంత అంబలి తాగుత. ఆయన జేసినట్టు జెయ్యను. నువ్వు పో. నా ఫికర్ ఇడిసి పో తల్లీ."

కాకి గోడ దిగింది. ఇస్తారికాడికి వచ్చి గుడ్డు ముక్క నోట కరుసుకున్నది.

ముందుగాల నీడ కొసలు పోయినయి, ఆ ఎనుక కొమ్మలు. ఆఖరుకు గోపమ్మ నెత్తి మీద పడ్డ నీడ జరసేపు ఆగి, అదిగూడ పోయింది. మెడ మీద ఎండ సురుక్కుమన్నది. మొక్క నాలుగాకుల మీద ఎండ వడ్డది.

ఎల్లస్వామి లేసి దండం వెట్టి, "ఇగ బువ్వ తిందాం పా," అన్నడు.

కొన్నొద్దులకే నరేశ్ సొంత చిన్నాయిన తోటకు పోయిండు. డప్పులు కొట్టుకుంట ఊరంత ఎంట వచ్చింది, అందరివి ఉత్త కాళ్లు. లోపటికి అడుగువెట్టంగనె టైల్సు పెనమోలె కాలుతున్నయి. పాడె మోసేటోళ్లు ఎగురుడు మొదలువెట్టిండ్రు.

"నీడేది గోపమ్మా? నీడేమైంది?" ఒర్రిండు నరేశ్.

"దినాలు జేసి తోలిన."

"ఎవలనడిగి తోలినవ్?"

"ఎవలనడిగి కొట్టిచ్చినవ్?"

లొల్లి లేసింది. ముసలిదానికి మతిపోయిందన్నరొకలు, పని నుంచి తీసెయ్యాలన్నరొకలు. ఆడోళ్లు పిల్లల్ని సంకలేసుకోని గోడ పొంటి ఉరుకుతున్నరు. గోపమ్మకు గూడ ఒక్కొక్కలకు బదులియ్యాలనే ఉన్నది, మాటలన్ని నోటి మీదికొచ్చి ఉన్నయి. గని పొద్దు దిక్కు సూసింది. తువ్వాల సరిజేసుకున్నది.

"నీడ గావాల్నంటె గా మొక్కనడుగుండ్రి. ఎర్రగ చిగురేసింది. నీళ్లు వోస్తె ఇస్తదేమొ. నాకు ఎండైంది, నేను పోవాలె."

"ఏయ్, మాట్లాడుతుంటె యాడికి పోతున్నవ్?"

ఆమె ఎనక్కి మలగలేదు. అర్రలకు పోయి తలుపు దగ్గరకేసుకోని అంబలి తాగవట్టింది. బయట తిట్లు జరసేపు గట్టిగ ఇనవడ్డయి, తర్వాత తగ్గినయి. అటెన్క ఎవలో బోరు స్విచ్చు యాడున్నదని అడుగుతున్నరు. తలుపు మీద దబదబ కొట్టిండ్రు.

కాలు మార్చి కాలు మీద ఎగురుకుంట నరేశ్ అడుగుతున్నడు. "ఓ గోపమ్మా, మొక్కకు నీళ్లు వోసే బకెటు యాడ వెట్టినవ్?"