రొట్టెలావిడ నోట్లో గుండుసూదులు

"మేడమ్, మీ నవల పట్టుకుని ఒకావిడ కూర్చుంది. మిమ్మల్ని పిలిస్తేగానీ కదలనంటోంది. బట్టలు కుడుతుందట," అన్నాడు లైబ్రేరియన్ ఫోన్లో. ఇంకెవరు, టైలరక్క!

"అయిపోయాను. నా మీద కేసు వేస్తుంది," అన్నాను మా ఆయనతో.

ఆయన పేపర్లోంచి తల కూడా ఎత్తలేదు. "ఇన్నాళ్ళూ ఊరందరి మీదా వేశారుగా లాయరుగారూ. మీ మీద ఒకటి పడితే తప్పేంటి?"

"మీరు నోరు మూసుకుని బండి తియ్యండి."

సంగతేమిటంటే, నేను కోర్టు మానేసి రచయిత్రినవుతానని బయల్దేరినప్పుడు నా బుర్ర నిండా టైలరక్క కేసే ఉంది. ఓనరు ఆవిడ చేత కొట్టు ఖాళీ చేయించబోతే, గొంతు చించుకుని వాదించాను. న్యాయం ఆవిడ వైపు, కాగితాలు అవతలివాడి వైపు. ఓడిపోయాం. తీర్పు విని ఆవిడ ఏడవలేదు, నన్నో మాట అనలేదు, అలాగే లేచి వెళ్ళిపోయింది. మళ్ళీ కనబడలేదు. ఆ మౌనం నన్ను తినేసింది, రాస్తేగానీ వదల్లేదు. ఎవరూ పోల్చుకోకూడదని టైలరుని రొట్టెల దుకాణం ఆవిడగా మార్చాను. లాయరు బుద్ధి ఎక్కడికి పోతుంది! కానీ గెలిపించడానికి మాత్రం చెయ్యి రాలేదు. గెలిపించి రాసిన కాగితాలన్నీ చించేశాను. దొంగసాక్ష్యం చెప్పినట్టుంది మరి. ఇప్పుడు నా భయమల్లా ఒక్కటే. ఓడిపోయిన మనిషిని పదిమందిలో పెట్టి మళ్ళీ ఓడించాను కదా, ఆవిడ మొహం ఎలా చూడాలి?

రీడింగ్ రూములో కిటికీ పక్కన కూర్చుని ఉంది. జుట్టు నెరిసింది, చూపు మాత్రం అదే.

"నన్ను రొట్టెలు అమ్మేదాన్ని చేశావా లాయరమ్మా?"

"అది... కల్పన అక్కా."

"కల్పనా లేదు, గాడిద గుడ్డూ లేదు! రొట్టెలు చేసేదాని నోట్లో గుండుసూదులెందుకున్నాయి?"

పుస్తకం లాక్కుని చూశాను. నిజమే. 'పళ్ళ మధ్య గుండుసూదులు పట్టుకునే జవాబు చెప్పింది' అని ఉంది. మిషను తీసేశాను, కత్తెర తీసేశాను, సూదులు తియ్యడం మర్చిపోయాను. ప్రూఫులు దిద్దింది మా ఆయనే. వెనక నుంచి దగ్గడం మొదలుపెట్టాడు.

"సూది ఉన్న రొట్టె తిని ఎవరైనా పోతే ఆ కేసు కూడా నువ్వే చూసుకుంటావా?" అంది అక్క.

ఇక ఆగలేక అడిగేశాను. "కోపంగా ఉందా అక్కా? మళ్ళీ ఓడించేశాను."

ఆవిడ తీర్పు ఉన్న పేజీ తెరిచి నా ముందుకు జరిపింది.

"చూశారా మేడమ్, లైబ్రరీ పుస్తకాన్ని గోడ చేసి పెట్టారు," అన్నాడు లైబ్రేరియన్ విసుగ్గా. మార్జిన్ నిండా పెన్సిలు రాతలు, రకరకాల చేతులవి. 'అన్యాయం!' 'ఈ జడ్జికి కళ్ళున్నాయా?' 'అమ్మా, పైకోర్టుకి వెళ్ళు.' ఇంకెవరో గట్టిగా అదిమి రాశారు: 'ఓనరు దొంగ.'

కోర్టులో తీర్పు చదివేశాక అందరూ లేచి వెళ్ళిపోతారు. ఇక్కడ అదే తీర్పుని ఎవరో ఒకరు తెరిచి, మళ్ళీ మండిపడుతున్నారు.

"తప్పు నాదేనేమో అనుకుని ఇన్నేళ్ళూ నోరెత్తలేదు," అంది అక్క. "వీళ్ళెవరో నాకు తెలీదు, నేనెవరో వీళ్ళకి తెలీదు. అయినా ఎంత కోపం వచ్చిందో చూడు. నన్ను గెలిపించి ఉంటే హాయిగా పుస్తకం మూసి పడుకునేవాళ్ళు. మంచిపని చేశావు."

ఆవిడ చెయ్యి పట్టుకుని, సిగ్గు లేకుండా ఏడ్చేశాను.

లైబ్రేరియన్ జేబులోంచి రబ్బరు తీశాడు. "కాస్త జరగండి మేడమ్, ఇవన్నీ చెరిపెయ్యాలి."

"చెయ్యి వేశారంటే స్టే తెస్తాను!" అని అరిచాను. గదిలో వాళ్ళందరూ ఉలిక్కిపడ్డారు.

"చెరుపుకోనీ," అంది అక్క నింపాదిగా. "నాది పోదు. పెన్నుతో రాశాను."

వంగి చూశాను. ఆ కోపాలన్నిటి కింద, పేజీ అడుగున, వంకర అక్షరాలు: 'ఈవిడ నేనే. రొట్టెలు కాదు, బట్టలు.'